ఉప్పెన తగ్గిన తరువాత

తుఫానుల చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఒక్క రాత్రి చరిత్రనే వ్రాయుదురు. గాలి ఎంత వడిగా వీచినదో, నీరు ఎంత ఎత్తున లేచినదో, ఎందరు మరణించిరో లెక్కకట్టి, తెల్లవారుటతో కలము క్రింద పెట్టుదురు. కాని తెల్లవారిన తరువాత, బ్రతికి బయటపడినవాడు మొట్టమొదట ఏ నీరు త్రాగెను? ఆ యింట పొయ్యి ఎన్నడు రాజుకొనెను? ఉప్పుబారిన పొలములో నాగలి మరల ఎప్పుడు సాగెను? ఈ ప్రశ్నలకు గ్రంథములలో సమాధానములు అరుదు. మనకు నిజముగా పనికివచ్చు పాఠములు మాత్రము అచ్చటనే ఉన్నవి. కృష్ణానది సముద్రములో కలియు తావున, ఒకే తీరమును 113 సంవత్సరముల యెడమున ముంచిన రెండు ఉప్పెనలను తీసికొని ఈ విషయమును పరిశీలింతము. మొదటిది 1864 నవంబరు 1వ తేదీనాటి బందరు ఉప్పెన. రెండవది 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెన.

ముందుగా పేర్లను గూర్చి ఒక మాట. మన భాషలో గాలికి ఒక పేరు, నీటికి మరియొక పేరు కలవు. వీచునది పెనుగాలి, సముద్రము గట్టుదాటి ఊరిమీదికి వచ్చునది ఉప్పెన. ఇంగ్లీషువారు వాడు 'సైక్లోన్' అను మాటను 1848లో హెన్రీ పిడ్డింగ్టన్ అను నావికుడు కలకత్తాలో నుండగా కల్పించెను. చుట్టచుట్టుకొనిన పామును తలపించు గ్రీకు మాట దానికి మూలము. గోదావరి మొగనున్న కోరంగి రేవును 1789లో ముంచిన ఉప్పెన ఆయన తన రచనలలో ప్రస్తావించిన వానిలో ఒకటి. ఆయన పెట్టిన పేరు గాలి తిరుగు తీరును చక్కగా చెప్పును గాని, నీటి సంగతి చెప్పదు. ప్రాణములు తీయునది ముఖ్యముగా నీరే. గాలికి ఇల్లు కూలును. ఉప్పెనకు ఊరే పోవును.

ఈ నీరు ఎట్లు లేచును? మన అర్ధగోళములో తుఫాను గడియారపు ముల్లుకు ఎదురుదిశగా తిరుగును. తూర్పునుండి వచ్చి తీరము దాటునపుడు, దాని దారికి కుడివైపున, అనగా మనకు ఉత్తరపు ప్రక్కన, గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఎడమవైపున నేలనుండి సముద్రముమీదికి వీచును. కనుక కుడివైపున నున్న ఊళ్లకే ఉప్పెన భయము హెచ్చు. కృష్ణ మొగవద్ద సముద్రము చాల దూరము వరకు లోతు తక్కువ. గాలి త్రోసుకొనివచ్చిన నీరు అడుగుగా వెనుకకు మరలుటకు చోటు చాలక పైకి లేచును. ఎదుటనున్న నేలయో, పళ్లెమువలె చదునైనది. అడ్డుకొనుటకు ఒక మిట్ట లేదు, ఒక గుట్ట లేదు.

1864వ సంవత్సరమున, రక్తాక్షినామ సంవత్సర కార్తీకమాసారంభమున, బందరుమీదికి అట్టి నీరే వచ్చెను. అమావాస్య అప్పుడే వెడలినది, పెద్దపోటు దినములు. చీకటి రాత్రి, పోటుమీద పోటుగా, మామూలు పోటుమట్టమునకు 13 అడుగుల యెత్తున సముద్రము ఊరిలో ప్రవేశించెను. కొన్ని తావుల 17 మైళ్ల వరకు నీరు లోపలికి పోయెను. సుమారు 780 చదరపు మైళ్ల భూమి మునిగెను. మరణించినవారు 30,000 మంది యని ఆనాటి అంచనా. 1611 నుండి ఆంగ్లేయుల వర్తకమునకు నెలవై, అంతకు ముందును తరువాతను దేశదేశముల ఓడలను చూచిన బందరు రేవునకు, ఈ దెబ్బ తగిలిన పిమ్మట పూర్వపు వైభవము తిరిగి రాలేదు.

ఆ తీరమున నేల సముద్రమట్టమునకు కొంచెమే ఎత్తు. త్రవ్విన పెక్కుచోట్ల ఉప్పునీరే పడును. త్రాగుటకు చెరువు నీరే దిక్కు. అట్టి చెరువులు సముద్రపు నీటితోను, శవములతోను నిండినపుడు, ఉప్పెననుండి తప్పించుకొనినవాడు చుట్టును నీరే యుండగా దాహముతో తపించెను. ఇది ఉప్పెన నేర్పు మొదటి పాఠము. కోలుకొనుట యనునది ఒక కడవ మంచినీటితో ఆరంభమగును. అన్నము ఒకపూట ఆలస్యమైనను మనిషి ఓర్చుకొనగలడు. నీటికి అట్లు ఓర్వలేడు.

ప్రభుత్వము నేర్చిన పాఠము వేరు. అదే సంవత్సరము అక్టోబరు 5వ తేదీన కలకత్తాను మరియొక తుఫాను ధ్వంసము చేసియుండెను. ఈ రెండు ఉత్పాతములును, వాని తరువాత వానలు లేక వచ్చిన కరవులును కలిసి, దేశమంతటికి ఒక వాతావరణ శాఖ ఉండవలెనను ఆలోచనకు దారితీసెను. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. రేవులలో పగలు శంకువులను, రాత్రి దీపములను స్తంభములపై ఎత్తి, సముద్రముమీద నున్న ఓడలకు ప్రమాదమును తెలుపు పద్ధతి స్థిరపడెను. నేటికిని మనము రేడియోలో వినుచున్న ప్రమాదసూచికల నంబర్లు ఆ పద్ధతినుండి వచ్చినవే.

ఈ నంబర్లను గూర్చి గృహస్థులు తెలిసికొనదగిన విశేష మొకటి కలదు. ఎనిమిది కంటె తొమ్మిది, తొమ్మిది కంటె పది పెద్దవి గనుక తుఫాను బలము అంతకంతకు హెచ్చునని పలువురు తలంతురు. అది సరికాదు. ఈ మూడును మహాప్రమాద సూచికలే. ఎనిమిదవ నంబరునకు అర్థము, రేవు తుఫాను దారికి ఎడమవైపున ఉండునని; తొమ్మిదవ దానికి, కుడివైపున ఉండునని; పదవ దానికి, తుఫాను రేవుమీదుగనో దానికి మిక్కిలి సమీపముననో దాటునని. కుడివైపు ఉప్పెన ప్రక్కయని పైన చెప్పితిమి. కనుక తొమ్మిదని వినినవాడు 'ఇంకను పది కాలేదు' అని కూర్చుండరాదు.

ఈ సూచిక ఓడ నడుపువానికి తెలిసిన భాష. లంకలో గుడిసె వేసికొని యున్న పల్లెవానికి తెలిసిన భాష కాదు. 1864 తరువాత శాస్త్రము నేర్చుకొన్నది, రేవులు నేర్చుకొన్నవి. పల్లెకు మాత్రము ఆ విద్య అందలేదు. 1948లో విజయవాడ రేడియో కేంద్రము వెలసెను. 1974లో విశాఖపట్టణమున తుఫాను హెచ్చరిక కేంద్రము ఏర్పడెను. మాట వేగముగా ప్రయాణము చేయుటకు మార్గములు పడినవి. అయినను 1977లో ఏమి జరిగినదో మన మెరుగుదుము.

ఆ నాడు శనివారము, పింగళనామ సంవత్సర కార్తీకము. చేలలో వరి గింజపట్టియున్నది. తుఫాను చీరాల సమీపమున తీరము దాటెను. దాని దారికి కుడివైపున, సరిగా ఉప్పెన ప్రక్కను, కృష్ణపాయల నడుమ దివిసీమ ఉన్నది. సుమారు 5 మీటర్ల యెత్తున లేచిన నీరు కోడూరు, నాగాయలంక ప్రాంతములమీదికి వచ్చెను. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లు చాలవరకు తుడిచిపెట్టుకొనిపోయినవి. అధికారులు వేసిన లెక్క చొప్పుననే సుమారు పదివేల మంది మరణించిరి. అంతకంటె చాల హెచ్చని చెప్పినవారును కలరు. ఒక సంగతి ఇక్కడ గుర్తింపదగినది. ఆ దినము అమావాస్యయు కాదు, పున్నమియు కాదు. శుద్ధాష్టమి ప్రాంతము, పోటు తక్కువగా నుండు కాలము. తిథిని చూచి సముద్రమును నమ్మరాదని ఈ ఉప్పెన చెప్పినది.

హెచ్చరిక లేక ఇంతమంది చనిపోలేదు. తుఫాను వచ్చుచున్నదని ముందే తెలియును, రేడియో చెప్పినది. కాని విన్నవాడు ఏమి చేయవలెను? గాలివేగము గంటకు ఇన్ని కిలోమీటర్లని వినినంత మాత్రమున తన వాకిట ఎంత నీరు నిలుచునో తెలియదు. తెలిసినను పోవుటకు ఎత్తైన కట్టడము లేదు. పోదమన్నను బాట సరిగా లేదు. కొన్ని లంకలకు పడవయే గతి. గొడ్లను విడిచి ఎట్లు పోవుట? గాదెలోని గింజలను ఎవరికి అప్పగించుట? ఇట్లు ఆలోచించుచు ఇంటనే ఉండిపోయిన వానిని మూఢుడని అనుట తేలిక. హెచ్చరిక చేయుట సగము పని; పోవుటకు ఒక చోటు చూపుట మిగిలిన సగము. ఆ రెండవ సగము అప్పటికి జరిగియుండలేదు.

నీరు తీసిన మరునాటి నుండి జీవితము ఎట్లు సాగెనో చూతము. ఊరు ఏదో, చెరువు ఏదో గుర్తుపట్టలేని స్థితి. మనుష్యుల శవములు, పశువుల కళేబరములు ముళ్లకంపలలోను తుమ్మచెట్లలోను చిక్కుకొనియున్నవి. తాటిచెట్టెక్కినవాడు, ఇంటికప్పు పట్టుకొని కొట్టుకొనిపోయి ఎచటనో గట్టెక్కినవాడు దిగివచ్చి తనవారిని వెదకుకొనుచున్నాడు. నిప్పుపుల్ల తడిసినది, కట్టె తడిసినది, అగ్గి రాజుకొనదు. మార్చుకట్టుకొనుటకు పొడిబట్ట లేదు. బియ్యమిచ్చినను వండుకొనుటకు కుండ లేదు. కనుక మొదటి దినములలో పట్టణములవారు పంపిన అన్నపు పొట్లములే ప్రాణము నిలిపినవి. బియ్యపు బస్తాకు విలువ వచ్చినది, కుండయు అగ్గిపెట్టెయు చేరిన తరువాతనే. సాయము చేయువారు ఈ వరుసను తెలిసికొనవలెను. ముందు నీరు, పిదప వండిన అన్నము, పిదప బట్ట, గిన్నె, నిప్పు. ఆ తరువాత బియ్యము.

శవదహనము అన్నిటికంటె కఠినమైన పని. కులమెరుగక, పేరెరుగక, ఎక్కడెక్కడి నుండియో వచ్చిన స్వచ్ఛందసేవకులు ఆ పని చేసిరి. అంత్యక్రియలకు కర్త లేని శవములకు వారే కర్తలైరి. దివిసీమకు చెందిన నాయకుడు మండలి వెంకట కృష్ణారావుగారు సహాయ పునర్నిర్మాణ కార్యములలో తలమున్కలై పనిచేసిరి. మదర్ థెరిసా వచ్చి చూచిరి. సినిమానటులు నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావుగారలు ఊరూరా తిరిగి విరాళములు పోగుచేసిరి. ఇట్లు రాష్ట్రమంతయు ఒక లంకసీమ బాధను తనదిగా భావించినది. ఇది ఆ దుర్దినములలో మన ప్రజలు చూపిన ఔన్నత్యము.

అయితే జాలి కొన్ని వారములది. కోలుకొనుట కొన్ని సంవత్సరములది. సందడి తగ్గిన తరువాత మిగిలినది ఉప్పు. త్రాగునీటి చెరువును పూర్తిగా తోడివేసి, అడుగున పేరుకొనిన బురద తీసి, కాలువనుండి మంచినీరు పెట్టి నింపవలెను. అది తీపెక్కువరకు దూరమునుండి తెచ్చిన నీరే ఆధారము. బావులలో తెల్లపొడి చల్లుట, టీకాలు వేయుట, నీరు కాచి త్రాగుమని ఇల్లిల్లు తిరిగి చెప్పుట నిత్యకృత్యములైనవి. రెండవ మరణము, అనగా అంటువ్యాధి మరణము, రాకుండ కాపాడునవి ఇట్టి చిన్న పనులే.

చేనికథ ఇంతకంటె దీర్ఘమైనది. పంట పోవుట ఒక యేటి నష్టము. నేల ఉప్పుబారుట అనేక సంవత్సరముల నష్టము. కొన్నిచోట్ల ఇసుక మేటవేయగా, దానిని తట్టలతో ఎత్తివేయవలెను. గట్లు వేసి, మంచినీరు నిలువగట్టి, కొన్నినాళ్లుంచి మురుగుకాలువలోనికి వదలవలెను. ఇట్లు పలుమారులు కడిగినగాని ఉప్పు దిగదు. నీటిని నిలుపుటయే కాదు, పోనిచ్చుటయు ముఖ్యము. మురుగుకాలువ పూడియుండిన ఎంత నీరు పెట్టినను ఉప్పు మరల పైకి తేలును. చవుడును కొంత ఓర్చుకొను జీలుగను చల్లి, పూతకు ముందే దున్ని నేలలో కలిపినచో మన్ను మెత్తబడును. కృష్ణ కాలువనీరు అందిన చేలు ముందుగా తేరుకొనుటకు, కాలువ చివరి భూములు వెనుకబడుటకు కారణమిదియే. ఉప్పెనకు ముందు కాలువ చివరనున్న రైతుకు తరువాతను అదే గతి.

మత్స్యకారునకు నేల లేదు. వలయు పడవయే వాని పొలము. అవి రెండును పోయినపుడు రోజుకింత బియ్యమిచ్చి కూర్చుండబెట్టినచో వాడు కోలుకొననేరడు. ఒక వల ఇచ్చినచో తన కూడు తానే తెచ్చుకొనును. రైతునకు జత ఎద్దులు, కుమ్మరికి సారె, సాలెకు మగ్గము ఇట్టివే. దానమునకును పునర్నిర్మాణమునకును గల భేదము ఇందు స్పష్టమగును. దానము ఆకలి తీర్చును. పనిముట్టు మనిషిని నిలబెట్టును.

ఇంటిలోపలి సంగతులు మరింత సున్నితమైనవి. నీటికి ఎదురీది చెట్టెక్కగలిగినవారిలో వయసులోనున్న పురుషులు హెచ్చు. కొట్టుకొనిపోయిన వారిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు హెచ్చు. భార్యాబిడ్డలను పోగొట్టుకొన్న మగవారును, పెనిమిటిని పోగొట్టుకొన్న ఆడువారును, తలిదండ్రులు లేని పిల్లలును మిగిలిరి. ఉప్పెనలో శిథిలమైన సంసారముల నుండి క్రొత్త సంసారములు ఏర్పడినవి. ఏడాది తిరుగకముందే పెండ్లియా అని దూరమున నున్నవారికి తోచవచ్చును. వండిపెట్టు చేయి, పసిబిడ్డను ఎత్తుకొను ఒడి, చీకటిలో మాటాడుటకు ఒక మనిషి లేక బ్రతుకు సాగదని అక్కడ నున్నవారికి తెలియును. భూమి పత్రములు, రేషను కార్డులు నీటిపాలు కాగా, తన పొలము తనదేయని, తన పేరు తనదేయని నిరూపించుకొనవలసిన దుస్థితియు అప్పటిదే. రహదారి ప్రక్కనున్న ఊరికి సాయము ముందందుట, పడవదాటి పోవలసిన లంకకు ఆలస్యముగా నందుట ప్రతి విపత్తులోను చూచుచున్న అన్యాయము.

ఇన్ని కష్టములనుండి ఏమి నేర్చుకొంటిమి? తీరము పొడవున ఎత్తైన స్తంభములపై తుఫాను రక్షణ భవనములు వందలకొలదిగా లేచినవి. పూరిండ్ల స్థానమున పక్కాయిండ్లు వెలసినవి. ఒక డాబాయింటి మీద చుట్టుప్రక్కల పది కుటుంబములు తలదాచుకొనవచ్చును. సరుగుడు తోపులు నాటిరి. మొగలవద్ద మడ అడవులు గాలికిని కెరటమునకును అడ్డని గుర్తించిరి. 1980వ దశకములో ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా తీరమునందలి కార్యాలయములకు నేరుగా హెచ్చరికను వినిపించు యంత్రములు వచ్చెను.

పరీక్ష 1990 మే నెలలో వచ్చెను. 9వ తేదీన, 1977 నాటి దానితో పోల్చదగినంత బలముగల తుఫాను, కృష్ణ మొగకు సమీపముననే తీరము దాటెను. ఈ మారు లక్షలాది జనమును ముందుగనే ఎత్తైన చోట్లకు చేర్చిరి. మరణించినవారు వెయ్యికి లోపు. అదియు చిన్న సంఖ్య కాదు. కాని పదివేలకును దానికిని గల వ్యత్యాసము పదమూడేండ్ల శ్రమకు ఫలితము. సముద్రము మారలేదు, నేల ఎత్తుకాలేదు. మనుష్యులకు పోవుటకు చోటు దొరికినది, అంతయే భేదము.

పాఠము ఒకసారి నేర్చినచో చాలదు. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను కొట్టిన తుఫానులో వెయ్యిమందికి పైగా మరణించిరి. సముద్రముమీద వేటకు పోయినవారు అనేకులు తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలకూలినవి. వరి మరుసటి యేడు పండును. కొబ్బరి మొక్క కాపునకు రావలెనన్న అయిదారేండ్లైనను పట్టును. తోటమీద బ్రతుకు ఇల్లు అంతకాలము ఎదురుచూడవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమునే తాకినపుడు, నగరవాసులకు క్రొత్త అనుభవము కలిగెను. విద్యుత్తు పోయి, సెల్‌ఫోను స్తంభములు మూగవోయి, కుళాయి ఆగిపోయినవి. మేడలలో నున్నవారికిని మొదటి కొరత మంచినీరే. 1864లో బందరువాసికి తెలిసిన సంగతియే 150 సంవత్సరముల తరువాత విశాఖవాసికిని తెలిసివచ్చినది.

1977లో దివిసీమలో 1864 నాటి ఉప్పెనను కన్నులార చూచినవా రొక్కరును లేరు. నీరు ఎంతవరకు వచ్చునో తాత మనుమనికి చెప్పుట ఎచటనో ఆగిపోయినది. గ్రంథములో నున్న 13 అడుగులు గుడిసెగోడమీద గీతగా లేకపోయినవి. నేటికి 1977 నాటి పదేండ్ల బాలుడు అరువదికి చేరువగుచున్నాడు. అట్టివారు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. ఆనాడు నీరు ఏ గడపవరకు వచ్చినదో, ఎవరు ఏ చెట్టు పట్టుకొని బ్రతికిరో, మొదటి కడవ మంచినీరు ఎచటినుండి వచ్చినదో వారిచేత చెప్పించి పిల్లలకు వినిపింపవలెను. నీటిమట్టమును బడిగోడమీద గీచి ఉంచవలెను. రక్షణ భవనమును బడికో, సభలకో వాడుచు బాగుగా ఉంచుకొనవలెను. తాళము వేసి వదలిన భవనము అవసరమునాటికి పాడుపడి యుండును, తాళపుచెవి కనబడదు.

కార్తీకము వచ్చుచున్నదన్న తీరవాసి చేయవలసిన పనులు పెద్దవి కావు. మూతగల పాత్రలో మూడునాళ్లకు సరిపడు మంచినీరు, తడియని డబ్బాలో అగ్గిపెట్టె, పత్రములకు నీరంటని సంచి, విద్యుత్తు లేకున్నను మ్రోగు రేడియోకు క్రొత్త బ్యాటరీలు సిద్ధముగా నుంచుకొనవలెను. పదవలసిన వేళ పశువుల పలుపులు విప్పి వదలవలెను. కట్టివేసిన గొడ్డు చచ్చును, విడిచిన గొడ్డు ఈదియైన బ్రతుకవచ్చును. అన్నిటికంటె ముందు, ఎచటికి పోవలెనో, ముసలివారిని ఎవరు ఎత్తుకొనవలెనో, గాలి లేని నాడే ఇంటిల్లిపాదియు కూర్చుండి తేల్చుకొనవలెను.